ఒకినావాలో సముద్రతీర రిసార్టుకు డబ్బు కట్టాం, సముద్రం మాత్రం దొరకలేదు

నిషికసాయి_రాము
ఏప్రిల్ రెండో వారంలో నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవులకు వెళ్ళి వచ్చాం. ఒన్నా గ్రామం తీరంలో పేరున్న ఒక రిసార్టు. ఏదో చెప్పను. రాత్రికి 70 వేల యెన్లు, రెండు రాత్రులు. "హోటల్ సొంత తీరం" అని రాసి, నీలమణి రంగు నీళ్ళ ఫోటో పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు తువ్వాళ్ళు భుజాన వేసుకుని ఇసుక మీదికి వెళ్తే నీళ్ళే లేవు. కనుచూపు మేర నల్లటి రాళ్ళు, నాచు, గుంటల్లో చిక్కుకున్న చిన్న చేపలు. నీళ్ళు ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా కనిపిస్తున్నాయి. తాళ్ళు కట్టి హద్దు పెట్టిన చోట మాత్రం మోకాలి లోతు. పాప బకెట్టు పట్టుకుని "నాన్నా, సముద్రం ఎక్కడికి వెళ్ళింది?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు అసలు సమస్య. మామయ్య గారికి ఈ ఏడాదే షష్టిపూర్తి అయింది. అత్తయ్య గారు, ఆయన విశాఖపట్నం నుంచి మా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళను మళ్ళీ ఒకినావాకే తీసుకెళ్ళాలని నా భార్య పట్టుదల. జూలైలో గానీ అక్టోబరులో గానీ. అంత డబ్బు పెట్టడం న్యాయమేనా? సముద్రం ఉన్న రిసార్టును ముందే గుర్తుపట్టే దారి ఏమైనా ఉందా?

కవాసాకి_కావ్య
న్యాయం కాదు. జపాన్‌లో సముద్రతీరం ఎవరి సొంతమూ కాదు. "సొంత తీరం" అంటే హోటల్ వాళ్ళు ఊడ్చి, గొడుగులు వేసి, కాపలా పెట్టిన తీరం అని మాత్రమే అర్థం. చాలా రిసార్టుల తీరాలకు బయటివాళ్ళూ వెళ్ళవచ్చు, కొన్నిచోట్ల రుసుము కట్టాలి, అంతే. మేము ఒకినావా ముఖ్య పట్టణం నాహాలో మామూలు హోటల్లో రాత్రికి 9 వేలు ఇచ్చి ఉన్నాం. కారు తీసుకుని రోజుకో తీరం చూశాం. అదే సముద్రం, అదే ఇసుక.

గోదావరి_వాసి
కావ్య గారు, మీరిద్దరూ ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు కాబట్టి అలా కుదిరింది. అరవై దాటినవాళ్ళను ఎండలో రోజుకో తీరం తిప్పుతారా? మా అమ్మకు మోకాళ్ళ నొప్పి. రిసార్టులో గది నుంచి ఇసుక దాకా చక్రాల కుర్చీ వెళ్ళే దారి ఉంది, పక్కనే స్నానాల గది, కాపలా ఉన్న నీళ్ళు. మేము డబ్బు ఇచ్చింది వాటికే. సముద్రానికి కాదు.

కవాసాకి_కావ్య
అలా చెప్తే ఒప్పుకుంటాను. కానీ వాళ్ళ ఫోటోలో చూపించేది చక్రాల కుర్చీ దారిని కాదు కదా.

భీమిలి_పిల్ల
రాము గారు, మీరు వెళ్ళిన రోజు తిథి ఏమిటి? పౌర్ణమి గానీ అమావాస్య గానీ దగ్గరలో ఉండి ఉండాలి. మా తాతయ్య తెప్ప వేసినవాడు. పున్నమికీ అమావాస్యకూ పోటు పెద్దది, ఆటు కూడా పెద్దదే అని మాకు చిన్నప్పుడే చెప్పేవాడు. సముద్రం ఎక్కడికీ వెళ్ళలేదు, ఆటుకు వెనక్కి తగ్గింది, అంతే. పాపకు అదే చెప్పండి.

నిషికసాయి_రాము
ఇప్పుడే క్యాలెండర్ చూశాను. మేము దిగిన రోజు చతుర్దశి, మర్నాడు పౌర్ణమి! ఒళ్ళు జలదరించింది.

ఒన్నా_వాసి
ఇక్కడ ఒన్నాలోనే ఉంటాను. కొండ మీద ఉన్న ఒకినావా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను, ఐదో ఏడు. భీమిలి_పిల్ల గారు నూటికి నూరు పాళ్ళు సరిగ్గా చెప్పారు. దానికి ఇక్కడి లెక్క కూడా కలుపుతాను.

నాహా దగ్గర పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు ఉదయం ఏడు ప్రాంతంలోనూ సాయంత్రం ఏడు ప్రాంతంలోనూ వస్తుంది. అంటే పూర్తి ఆటు సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకు, అందరూ నీళ్ళలో దిగుదామని వచ్చే వేళకు. పోటుకూ ఆటుకూ మధ్య తేడా అలాంటి రోజుల్లో సుమారు 2 మీటర్లు. తీరం ముందు పగడపు దిబ్బ బల్లపరుపుగా చాలా దూరం పరుచుకుని ఉంటుంది కాబట్టి, 2 మీటర్లు తగ్గితే దిబ్బంతా బయటపడుతుంది. అష్టమి ప్రాంతంలో ఇది తిరగబడుతుంది. పోటు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య వస్తుంది. ఆటుపోట్ల తేడా కూడా తక్కువ. రోజంతా నీళ్ళు నిలకడగా ఉంటాయి.

పైగా మీరు వచ్చింది వసంతంలో. పగటి ఆటు బాగా లోతుగా ఉండే కాలం అది. ఇక్కడివాళ్ళకు చాంద్రమానంలో మూడో నెల మూడో రోజున ఒక పండగ ఉంది, పేరు హమావురి. ఆడవాళ్ళు తీరానికి దిగి, సముద్రపు నీళ్ళలో చేతులు కాళ్ళు తడుపుకుని కీడు పోగొట్టుకుంటారు. నీళ్ళు తగ్గిన దిబ్బ మీద ఆలిచిప్పలు, సముద్రపు నాచు ఏరుకుంటారు. మీకు నీళ్ళు లేని తీరం కనిపించింది. మా పక్కింటి అవ్వకు అది ఏడాదికి ఒకసారి వచ్చే పండగ.

సంచారి77
ఐతే రిసార్టు బుక్ చేసేముందు పంచాంగం చూడాలి అన్నమాట! జపాన్ వచ్చిన పన్నెండేళ్ళలో ఇంత పనికివచ్చే మాట వినలేదు.

ఆవకాయ_అన్నపూర్ణ
చిక్కు అక్కడే ఉంది. మా ఇంట్లో అష్టమి, నవమి ప్రయాణం అంటే అత్తయ్య గారు గడప దాటరు. అమావాస్య అసలే కుదరదు. నీళ్ళేమో అష్టమికి బాగుంటాయట!

భీమిలి_పిల్ల
పంచమి నాడో షష్ఠి నాడో బయలుదేరి దశమికి తిరిగి రండి. ప్రయాణం మంచి రోజున, స్నానం అష్టమి నాడు. అత్తయ్య గారికీ తృప్తి, సముద్రానికీ తృప్తి.

నిషికసాయి_రాము
ఇది బంగారం లాంటి సలహా. మా అత్తయ్య గారు కూడా అచ్చంగా అంతే. అయితే తిథి ఒక్కటి సరిపోతుందా? తీరాన్ని బట్టి తేడా ఉండదా?

ఒన్నా_వాసి
ఉంటుంది, చాలా ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో హోటల్ ముందు చూడండి. ఇసుక తర్వాత లేత గోధుమరంగు పట్టీ వెడల్పుగా కనిపిస్తే అది దిబ్బ, ఆటుకు బయటపడుతుంది. ఇసుకను ఆనుకుని లేత నీలం ఉంటే అది ఇసుక అడుగు, లోతు ఉంటుంది. కొన్నిచోట్ల ఇసుక తెచ్చి పోసి, రాళ్ళ గట్లు కట్టి తయారుచేసిన తీరాలు. ఈత కొట్టేవాళ్ళకు అవే తేలిక, పగడాలు చూడాలనుకునే వాళ్ళకు మాత్రం నిరాశ.

ఇంకో మాట. పేరు చూసి మోసపోవద్దు. ఖరీదైన హోటళ్ళన్నీ ఇసుక మీద లేవు. నగో పట్టణంలో రిట్జ్-కార్ల్‌టన్ ఉన్నది కొండ మీద, గోల్ఫ్ మైదానం మధ్య. చాలా అందమైన చోటు, సముద్రం కిందుగా కనిపిస్తుంది. కానీ గది తలుపు తీసి ఇసుకలో అడుగు పెడదామనుకుంటే కుదరదు. బుసేనా టెర్రస్ అయితే తీరం మీదే. హలెకులానీ కూడా అంతే, 2019లో తెరిచారు, 360 గదులు. మంజా తీరంలో ఇంటర్‌కాంటినెంటల్ చాలా పాతది, ఎదురుగా మంజామో కొండచరియ కనిపిస్తుంది.

గోదావరి_వాసి
మంజామో తప్పకుండా చూపించండి రాము గారు. రాయి అచ్చం ఏనుగు తొండం సముద్రంలోకి వంచి నీళ్ళు తాగుతున్నట్టు ఉంటుంది. మా అమ్మ చూడగానే దండం పెట్టింది.

సంచారి77
నా మాట వింటే ఒకినావా పెద్ద దీవిని వదిలేయండి. మియాకో దీవికి వెళ్ళండి. టోక్యోలోని హనేదా విమానాశ్రయం నుంచి నేరుగా విమానం ఉంది. మియాకోలో నదులు దాదాపు లేవు. దీవంతా సున్నపురాయి, పడిన వాన నేలలోకి ఇంకిపోతుంది. రైతులు ఆ నీటిని భూమి లోపలే గోడ కట్టి ఆపి పొలాలకు వాడుకుంటారు. నేల మీద పారే నీళ్ళు లేవు కాబట్టి సముద్రంలోకి మట్టి దిగదు. అందుకే ఆ నీలం మరెక్కడా లేదు. యొనహా మాయెహామా తీరం 7 కిలోమీటర్లు, పిండి లాంటి ఇసుక. ఇరబు దీవికి వెళ్ళే వంతెన 3,540 మీటర్లు, 2015లో తెరిచారు, సుంకం లేదు. దాని మీద కారులో వెళ్తుంటే రెండు పక్కలా నీళ్ళు రంగులు మారుతూ ఉంటాయి. మా నాన్న కారు ఆపమని నాలుగుసార్లు అడిగారు, వంతెన మీద ఆపకూడదు, అదొక్కటే బాధ.

కవాసాకి_కావ్య
మియాకో ధరలు చూశారా ఈ మధ్య? కొత్త విలాసవంతమైన హోటళ్ళు వరసగా వస్తున్నాయి. రోజ్‌వుడ్ 2025లో తెరిచారు. ఆ గదుల అద్దె మా నెల అద్దెతో పోటీ పడుతుంది.

సంచారి77
అక్కడ చిన్న వసతి గృహాలూ ఉన్నాయండీ. తీరం ఎవరి సొంతమూ కాదని మీరే అన్నారు కదా!

ఒన్నా_వాసి
మియాకో నీళ్ళ గురించి సంచారి గారు చెప్పింది నిజం. పెద్ద దీవి ఉత్తర భాగంలో మా బాధ ఎర్రమట్టే. పెద్ద వాన పడితే పొలాల నుంచి, తవ్వకాల చోట్ల నుంచి ఎర్రటి నీళ్ళు సముద్రంలోకి వస్తాయి. ఆ మట్టి పగడాల మీద పేరుకుంటే వాటికి ఊపిరాడదు. 1972లో ఒకినావా అమెరికా చేతి నుంచి జపాన్‌కు తిరిగి వచ్చింది, 1975లో మోతొబులో సముద్ర ప్రదర్శన జరిగింది, దాని కోసం రోడ్లు, హోటళ్ళు గబగబా కట్టారు. అప్పటి తవ్వకాల మట్టి గురించి ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఆ తర్వాత మట్టి కొట్టుకుపోకుండా చట్టం తెచ్చారు. 2018లో మా ఊరు తనను తాను "పగడాల గ్రామం" అని ప్రకటించుకుంది. జాలరుల సంఘం వాళ్ళు పగడపు మొక్కలు పెంచి నాటుతున్నారు. వేసవిలో సముద్రం వేడెక్కిన ఏళ్ళలో అవీ తెల్లబడిపోతుంటే చూడలేం.

తీరం అందరిదీ అన్న మాట మీద కూడా ఒకటి చెప్పాలి. రిసార్టులు వచ్చాక ఊరివాళ్ళు తమ తీరానికే వెళ్ళలేని పరిస్థితి వచ్చింది. దాని మీద గొడవ పెరిగి 1990లో ఒకినావా ప్రిఫెక్చర్ (మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిది) ఒక చట్టం చేసింది, సముద్రతీరాన్ని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని. చట్టం ఉన్నా దారి హోటల్ స్థలం గుండా ఉంటుంది, కారు పెట్టుకునే చోటు హోటల్‌ది. మా పక్కింటి అవ్వ చిన్నప్పుడు నాచు ఏరిన చోటికి ఇప్పుడు గేటు దాటి వెళ్ళాలి. దీని గురించి రాస్తున్నప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

భీమిలి_పిల్ల
మీ కోపం నాకు అర్థమవుతుంది. తీరం పక్కన పెరిగినవాళ్ళందరికీ అర్థమవుతుంది.

గోదావరి_వాసి
అయినా రిసార్టులు లేకపోతే అక్కడి యువతకు ఉద్యోగాలు ఏవి? మాకు సామాను మోసిన అబ్బాయి పక్క ఊరివాడే. నాహాకో టోక్యోకో వెళ్ళకుండా ఇంటి దగ్గరే ఉన్నానని సంతోషంగా చెప్పాడు.

ఒన్నా_వాసి
అదీ నిజమే, కాదనను. ఇక్కడివాళ్ళు దీన్ని "జల్లెడ ఆర్థికం" అంటారు. జల్లెడలో పోసిన నీళ్ళలా డబ్బు వస్తుంది, కారి జపాన్ ప్రధాన భూభాగానికి పోతుంది అని. ఉద్యోగం మాత్రం మిగులుతుంది, లాభం మిగలదు. అందుకే నా దగ్గరికి వచ్చే బంధువులకు ఒకటే చెప్తాను. రిసార్టులో పడుకోండి, తినడం మాత్రం ఊళ్ళో తినండి.

ఆవకాయ_అన్నపూర్ణ
తినడం దగ్గరే నా ప్రశ్న! రాము గారి అత్తమామలు శాకాహారులా? అయితే ముందే సిద్ధపడాలి. ఒకినావా వంటలో పంది మాంసం లేనిది తక్కువ. చూడటానికి ఉత్త కూరగాయల వేపుడులా ఉంటుంది, అడుగున ముక్కలుంటాయి. దాదాపు అన్ని సూపుల్లోనూ ఎండు చేప తురిమిన రసం, దాషి, ఉంటుంది. "మాంసం వద్దు" అంటే చాలదు, "చేప రసం కూడా వద్దు" అని విడిగా చెప్పాలి.

నిషికసాయి_రాము
ఇద్దరూ పూర్తి శాకాహారులు. అత్తయ్య గారు ఉల్లి, వెల్లుల్లి తింటారు, గుడ్డు తినరు.

ఆవకాయ_అన్నపూర్ణ
అయితే వంటగది ఉన్న గది తీసుకోండి. ఒన్నాలో ఫుచాకు వైపు అలాంటి హోటళ్ళు ఉన్నాయి, గదిలోనే పొయ్యి, ఫ్రిజ్. చిన్న రైస్ కుక్కర్ పెట్టెలో వేసుకోండి. కూరగాయల బెంగ వద్దు, అక్కడ మన కాకరకాయ దొరుకుతుంది! వాళ్ళు గోయా అంటారు, మన కాయ కంటే లావు, చేదు తక్కువ. ఒకినావా వాళ్ళు కాకరకాయను ప్రేమించినంతగా మనం కూడా ప్రేమించమేమో. నేను బెల్లం పెట్టి పులుసు చేశాను. బెల్లం కూడా అక్కడిదే. కొకుతో అంటారు, చెరకు రసం కాచి గడ్డ కట్టించినదే, నల్లగా ఉంటుంది.

సంచారి77
అనకాపల్లి వాళ్ళు ఎవరైనా ఉంటే తిని చెప్పండి, పోటీకి నిలుస్తుందా అని.

ఆవకాయ_అన్నపూర్ణ
మా పుట్టిల్లు అనకాపల్లి పక్కనే. నిలుస్తుంది! కొద్దిగా ఉప్పదనం, చివర కొద్దిగా చేదు. ఎనిమిది దీవుల్లో కాస్తారు, ఏ దీవి బెల్లానికి ఆ రుచి. నేను ఏడు తెచ్చుకున్నాను. వేరుశనగ పాలతో చేసే జీమామి టోఫు కూడా ఉంది, జున్నులా జారుతుంది. మీద పోసే సాస్‌లో దాషి లేదని కనుక్కుని తినిపించండి. పసుపుతో కాచిన టీ సీసాల్లో అమ్ముతారు. అది చూసి మా అత్తయ్య గారు "ఇది మన దేశమే" అన్నారు.

నిషికసాయి_రాము
ఇప్పుడు నెల సంగతి తేలాలి. జూలై మొదటి వారమా, అక్టోబరు చివరా?

కవాసాకి_కావ్య
జూలై మొదటి వారం. అక్కడ వానాకాలం మే రెండో వారంలో మొదలై జూన్ చివరికి పోతుంది. ఆ వెంటనే ఆకాశం కడిగినట్టు ఉంటుంది. బడి సెలవులు ఇంకా మొదలు కావు కాబట్టి ధర కొంచెం తక్కువ.

గోదావరి_వాసి
పెద్దవాళ్ళకు జూలై ఎండ వద్దు. పైగా ఆషాఢం, అత్తా అల్లుడు ఒకే గడప దాటకూడదు!

భీమిలి_పిల్ల
అది పెళ్ళయిన మొదటి ఏడాదికేనండీ. రాము గారికి నాలుగేళ్ళ పాప ఉంది, ఆషాఢం ఆయనను ఏమీ చేయదు.

ఒన్నా_వాసి
నా ఓటు అక్టోబరు చివరికి. నీళ్ళ వెచ్చదనం అప్పటికి పోదు. విషపు జెల్లీ చేప, ఇక్కడ హబు కురాగే అంటారు, జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఎక్కువ. ఏ నెలలో వెళ్ళినా వల కట్టిన హద్దు లోపలే ఉండండి. తీరంలో వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి, అవి దాని కాటుకే. తుపాన్లు జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ. అక్టోబరులోనూ ఒకటి రావచ్చు, అది దైవాధీనం. విమానం రద్దయితే రద్దు రుసుము తీసుకోని హోటల్‌ను ఎంచుకోండి, బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి. గదిలో ఇరుక్కుపోతే అదనపు రాత్రులకు మన డబ్బే.

చాలా తీరాల్లో వలలు, కాపలా అక్టోబరు చివరి వరకే. నవంబరులోకి జారనివ్వకండి. మామయ్య గారు ఈతగాడు అయితే ఇంకో జాగ్రత్త. పగడపు దిబ్బలో అక్కడక్కడ గండ్లు ఉంటాయి. ఆటు వేళ లోపలి నీళ్ళన్నీ ఆ గండి గుండా బయటికి పరుగు తీస్తాయి. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది, మనిషిని లాక్కుపోతుంది. విశాఖలో అల చూసి భయపడే అలవాటు ఉన్నవాళ్ళకు, అల లేని చోట భయపడాలని తోచదు.

నిషికసాయి_రాము
ఈ చివరి వాక్యాన్ని మామయ్య గారికి చదివి వినిపించాను. ఆయన చిన్నప్పటి నుంచి ఆర్కే బీచ్ చూసిన మనిషి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ అబ్బాయి ఎవరో గానీ, విషయం తెలిసినవాడు" అన్నారు.

గోదావరి_వాసి
కారు నడుపుతారా? మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు అక్కడ చెల్లుతుంది, బండ్లు కూడా మనలాగే ఎడమ పక్కన. ఒకినావాలో 1978 జూలై 30 దాకా అమెరికా పద్ధతిలో కుడి పక్కన నడిచేవట. ఒక్క రాత్రిలో దీవులన్నీ ఎడమకు మారాయి.

నిషికసాయి_రాము
నాకు జపాన్ లైసెన్సే ఉందండీ. నిర్ణయం అయింది. అక్టోబరు చివర, కార్తీక శుద్ధంలో, షష్ఠి నాడు బయలుదేరి నవమి దాటాక తిరుగు ప్రయాణం. మూడు రాత్రులు వంటగది ఉన్న గదిలో, ఒక్క రాత్రి మాత్రం ఇసుక మీద ఉన్న పెద్ద రిసార్టులో. ఆ ఒక్క రాత్రి అష్టమి నాడు పడేలా చూశాను. ఉపగ్రహ చిత్రంలో లేత నీలం ఇసుకను ఆనుకునే ఉంది. కార్తీకమాసంలో సముద్ర స్నానం అనేసరికి అత్తయ్య గారు ఇప్పటి నుంచే దీపాలకు ఒత్తులు చేస్తున్నారు.

కవాసాకి_కావ్య
నాలుగు రాత్రుల్లో ఒక్కటే ఖరీదైనది. ఇది నాకూ సమ్మతమే. దీపాలు మాత్రం హోటల్ వాళ్ళను అడిగి వెలిగించండి, నీళ్ళలో వదలకండి.

నిషికసాయి_రాము
వెళ్ళి వచ్చాం. నిన్న రాత్రే టోక్యో చేరాం. క్లుప్తంగా చెప్తాను, ఫోటోలు తర్వాత.

అష్టమి నాడు పన్నెండున్నరకు తీరానికి వెళ్ళాం. నీళ్ళు ఇసుక అంచు దాకా నిండుగా ఉన్నాయి. అత్తయ్య గారు పాప చెయ్యి పట్టుకుని నడుము లోతు వరకు దిగారు, మూడు మునకలు వేశారు. కాపలా అబ్బాయి మొదట కంగారు పడి దగ్గరికి వచ్చాడు. పాప జపనీస్‌లో "అమ్మమ్మ దేవుడికి స్నానం చేస్తోంది" అని చెప్పింది. అతను వంగి నమస్కారం చేసి, పక్కనే నిలబడి ఉన్నాడు, ఆవిడ ముగించేదాకా. మామయ్య గారు వల దాకా ఈది వచ్చి, "అల లేదు, ఉప్పు ఎక్కువ" అని తేల్చారు. దీపం గది బాల్కనీలో పెట్టలేదు, నిప్పు వద్దన్నారు. ఊళ్ళో ఒన్నా_వాసి గారి పక్కింటి అవ్వ వాకిట్లో వెలిగించాం. అవ్వ మాకు ఎండు నాచు ఒక పొట్లం కట్టి ఇచ్చింది.

భీమిలి_పిల్ల
పాప ఏమంది నీళ్ళు చూసి?

నిషికసాయి_రాము
"తిరిగి వచ్చేసింది" అంది.

ఆవకాయ_అన్నపూర్ణ
బెల్లం ఏ దీవిది తెచ్చారు? నా దగ్గర లేని ఎనిమిదోది తరమా దీవిది.